పెస్ట్ కంట్రోల్ పెరుగుతోంది సరే, ఏ మందు కొట్టారో చీటీ ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య బిజినెస్ పేజీల్లో మా రంగం గురించి తరచుగా వార్తలు కనిపిస్తున్నాయి. పెస్ట్ కంట్రోల్‌కి గిరాకీ పెరిగింది, విదేశీ కంపెనీలు వచ్చాయి, యాప్‌లో బుక్ చేస్తే సాయంత్రానికల్లా మనిషి ఇంటికొస్తున్నాడు అని. అన్నీ నిజమే. హైదరాబాద్‌లో లైసెన్సు తీసుకుని చిన్న యూనిట్ నడుపుకుంటున్నవాణ్ని, ఆ గిరాకీ వల్లే నా ఇల్లూ, నా దగ్గర పనిచేసే కుర్రాళ్ల ఇళ్లూ గడుస్తున్నాయి, కాబట్టి ఈ ఎదుగుదల మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ వార్తల్లో ఒక్కసారి కూడా కనపడని సంగతి ఒకటుంది. మీ వంటగదిలోకి వచ్చి మందు కొట్టి వెళ్లిపోయిన మనిషి ఏం కొట్టాడో, ఎంత కొట్టాడో మీకు తెలియదు. చాలాసార్లు అతనికీ తెలియదు. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, దయచేసి కత్తిరించకుండా వేయండి.

ముందు ఈ పని ఎందుకు పెరిగిందో చెబుతాను. ఒకప్పుడు మా పని అంటే గోడౌన్లు, పిండి మిల్లులు, ఓడరేవులు, పెద్ద హోటళ్లు, అంతే. మన దేశంలో ఈ వ్యాపారంలో పాతకాలం నుంచీ ఉన్న పేరు పెస్ట్ కంట్రోల్ ఇండియా (పీసీఐ), అది మొదలైంది 1954లో. డీడీటీ తయారు చేయడానికి ప్రభుత్వం హిందుస్థాన్ ఇన్‌సెక్టిసైడ్స్ కంపెనీ పెట్టింది కూడా ఆ ఏడాదే. అప్పట్లో మామూలు ఇళ్లవాళ్లు బోను పెట్టుకునేవాళ్లు, మంచం కోళ్లు ఎండలో వేసి నల్లులు దులుపుకునేవాళ్లు, మనిషిని పిలిపించి డబ్బులిచ్చి మందు కొట్టించడం ఊహకు కూడా వచ్చేది కాదు. ఇప్పుడు ఇళ్లు మారిపోయాయి. టేకు తలుపులు, ఇనప బీరువాలు పోయి ప్లైవుడ్, ఎండీఎఫ్ వార్డ్‌రోబులు వచ్చాయి, పైన ఫాల్స్ సీలింగ్, కింద మాడ్యులర్ కిచెన్, గోడల్లో కేబుల్ పైపులు, బాత్‌రూముల వెనక పై అంతస్తు నుంచి సెల్లార్ దాకా ఒకటే డక్టు. బొద్దింకకు ఇంతకన్నా ఏం కావాలి? 5వ అంతస్తులో స్ప్రే కొడితే అవి 4లోకి, 6లోకి సర్దుకుంటాయి, వారం తిరిగేసరికి మళ్లీ అక్కడే.

ఇళ్లు ఒక్కటే కాదు. 2011లో వచ్చిన ఫుడ్ సేఫ్టీ లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఉంది, తినే వస్తువు తయారుచేసే ప్రతి చోటా పురుగులు, ఎలుకలు రాకుండా ఏర్పాటు ఉండాలని అందులో రాశారు. దాంతో టిఫిన్ సెంటర్ల నుంచి క్లౌడ్ కిచెన్ల దాకా అందరికీ రికార్డు చూపించే అవసరం వచ్చింది. నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కావాలనుకునే ఆసుపత్రులు, విదేశీ ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసే ఫార్మా ఫ్యాక్టరీలు, ఆన్‌లైన్ అమ్మకాల గోదాములు, ఎగుమతి సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లు... ఆ చెక్కను కూడా లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచాలి, లేదా గ్యాస్ పట్టించాలి, ముద్ర లేకపోతే అవతలి దేశం రేవులో దింపనివ్వరు. ఇలా ప్రతి నిబంధనా మాకు కొత్త పనిని తెచ్చింది. బ్రిటన్‌కి చెందిన రెంటోకిల్ 2017లో పీసీఐతో చేతులు కలిపి ఉమ్మడి కంపెనీ పెట్టిందంటే ఇక్కడ మార్కెట్ ఉందని వాళ్లకు తెలిసే కదా.

మందులు కూడా మారాయి, ఇది నిజంగా మంచి మార్పు. వంటగదిలో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింకనే తీసుకోండి, జర్మన్ కాక్రోచ్ అంటాం, ఆడది ఒక్కో గుడ్ల తిత్తిలో 30, 40 పిల్లల్ని మోసుకు తిరుగుతుంది. దీనికి మునుపు ఇల్లంతా సామాన్లు బయట పడేయించి, గోడలు తడిసేలా స్ప్రే కొట్టేవాళ్లం. ఇప్పుడు జెల్ ఉంది. 0.05 శాతం ఫిప్రోనిల్, లేకపోతే 2.15 శాతం ఇమిడాక్లోప్రిడ్. పెసరగింజ కన్నా చిన్న చుక్కలు, అవి కూడా కంటికి కనపడే చోట పెట్టకూడదు: క్యాబినెట్ తలుపు హింజ్ లోపల, సింకు కింద పైపు గోడలోకి దూరే సందులో, ఫ్రిజ్ మోటారు పక్కన, గ్యాస్ బండ వెనక మూల. తిన్న బొద్దింక తన చోటికి పోయి చస్తుంది, దాని రెట్టనూ దాని శవాన్నీ తిన్న మిగతావి కూడా చస్తాయి. వాసన ఉండదు, సామాన్లు తీయక్కర్లేదు, పిల్లలు ఇంట్లో ఉండగానే పని అయిపోతుంది.

కానీ చూడండి, జెల్ పెట్టి లేచేసరికి ఇంట్లోవాళ్లు "అంతేనా? వాసనే రాలేదే" అంటారు. వాసన వస్తేనే మందు కొట్టినట్టు, కళ్లు మండితేనే పనిచేసినట్టు మన జనానికి ఒక లెక్క పడిపోయింది. ఆ మాట పడలేక కుర్రాళ్లు జెల్ పెట్టిన చోటే పైన స్ప్రే కూడా కొట్టేస్తారు. దాంతో రెండూ చెడతాయి, ఎందుకంటే స్ప్రే ఘాటుకి బొద్దింక ఆ జెల్ దగ్గరికి రాదు. అయినా కస్టమర్ సంతోషిస్తాడు, రేటింగ్ 5 ఇస్తాడు. ఇలా రేటింగ్ ఒక దారి, పనితనం ఒక దారి అయిపోవడమే నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తోంది.

నల్లులదీ ఇదే కథ. పోయాయనుకున్న నల్లులు హాస్టళ్లు, లాడ్జీలు, ప్రయాణాల పుణ్యమా అని మళ్లీ వచ్చాయి. మనం ఎక్కువగా వాడే పైరిథ్రాయిడ్ జాతి మందులకు నల్లులు అలవాటు పడిపోవడం ప్రపంచమంతా చూస్తున్నదే. మామూలు స్ప్రేలు గుడ్ల మీద సరిగా పనిచేయవు, ఆ గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి, కాబట్టి రెండు వారాల లోపల రెండోసారి వచ్చి తీరాలి. మంచం జాయింట్లు విప్పాలి, పరుపు కుట్టు వెంబడి చూడాలి, స్విచ్‌బోర్డు ప్లేటు తీయాలి, దుప్పట్లు మరిగే నీళ్లలో వేయించాలి. ఒకే విజిట్, ఆఫర్ ధర, గంటలో పని పూర్తి అని చెప్పేవాడు ఇవేవీ చేయలేడు. చేయలేక ఏం చేస్తాడంటే డోసు రెట్టింపు చేస్తాడు. నల్లి ఎటూ చావదు, ఆ పరుపు మీద పడుకునేది మాత్రం మన పిల్లలు.

చెదల పని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే జనం ఎక్కువ డబ్బు పెట్టేదీ, ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే. తొలకరి పడి ఉసిళ్లు లేచిన మర్నాటి నుంచి మాకు ఫోన్లు ఆగవు. దీనికి బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, వాళ్ల ప్రమాణం ఉంది, ఐఎస్ 6313, అందులో 2వ భాగం కట్టబోయే ఇంటికి, 3వ భాగం కట్టేసిన ఇంటికి. కట్టేసిన ఇంట్లో గోడ, నేల కలిసే చోట 30 సెంటీమీటర్లకొక రంధ్రం, 12 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో వేసి, ఇక పీల్చుకోదు అనేదాకా మందు ఎక్కించాలి, ఒక్కో రంధ్రానికి గరిష్ఠంగా 1 లీటరు. ఇప్పుడు లెక్క మీరే వేయండి. 10 అడుగులకు 12 అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు, అంటే 13 మీటర్ల పైచిలుకు. రంధ్రాలు 45 దాకా వస్తాయి. నేల బాగా పీల్చుకుంటే మందు నీళ్లు 45 లీటర్ల దాకా పడతాయి, అది ఒక్క గదికి. ఎక్కువగా వాడే చెదల మందు, 20 శాతం క్లోర్‌పైరిఫాస్ అయితే 1 లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు కలపాలి, అంటే ఆ గదికి రెండు లీటర్ల పైన అసలు మందు కావాలి. మరి ఒక చిన్న క్యాను పట్టుకుని వచ్చి డబుల్ బెడ్‌రూమ్ ఇల్లంతా మధ్యాహ్నానికి ముగించి, చేతిలో వారంటీ కాగితం పెట్టి వెళ్లినవాడు ఏం ఎక్కించి ఉంటాడు? రంధ్రాల మీద వైట్ సిమెంటు పూసేశాక ఎవరూ చూడలేరు. నాలుగైదేళ్లకు తలుపు చట్రం లోపల డొల్లగా మోగినప్పుడు ఆ ఫోన్ నంబరు పనిచేయదు.

కట్టబోయే ఇంటి సంగతి ఇంకా అన్యాయం. పునాది లోపల నింపిన మట్టి పైభాగం మీద చదరపు మీటరుకు 5 లీటర్లు పోయాలని ప్రమాణం చెబుతోంది, ప్లింత్, అంటే పునాది విస్తీర్ణం, 100 చదరపు మీటర్లు అయితే 500 లీటర్లు. ఇది కాంక్రీటు వేయకముందు జరగాల్సిన పని. కాంక్రీటు వేసేశాక "ఒక సర్టిఫికెట్ ఇవ్వండి, బిల్లులో పెట్టుకుంటాం" అని అడిగే బిల్డర్లు నాకు తెలుసు, ఇచ్చేవాళ్లూ తెలుసు. ఫ్లాటు కొనుక్కున్నవాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది? బ్యాంకు లోను తీసుకుని జీవితాంతం వాయిదాలు కట్టేది అతను.

చెదల మందుల చరిత్ర చూస్తే కూడా రికార్డు ఎందుకు ఉండాలో అర్థమవుతుంది. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ అని ఒకప్పుడు పునాదుల్లో పోసినవన్నీ తర్వాత నిషేధంలోకి వెళ్లాయి, ఆ తర్వాత లిండేన్ కూడా పోయింది. ఇప్పుడు ఎక్కువగా వాడే క్లోర్‌పైరిఫాస్‌ని కూడా 2025లో స్టాక్‌హోం ఒప్పందం (ప్రమాదకర రసాయనాల మీద దేశాల మధ్య ఒప్పందం) సభ్యదేశాలు, కొన్ని మినహాయింపులతో, వదిలించుకోవాల్సిన రసాయనాల జాబితాలో చేర్చాయి. ఇవాళ సరే అన్నది రేపు కాదంటారు, అది సహజం, తెలిసేకొద్దీ మారుతుంది. కానీ మీ ఇంటి కింద ఏముందో మీ దగ్గర కాగితం ఉండాలి కదా.

ఇక పనిచేసే కుర్రాళ్ల గురించి. గిరాకీ పెరిగింది, పోటీ అంతకన్నా పెరిగింది, ఒకడు ఇంతకు చేస్తానంటే పక్కవాడు అందులో సగానికి దిగుతాడు. ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? మందులోంచి, మనిషిలోంచి. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, ఇంటరో డిగ్రీయో మధ్యలో ఆపేసినవాళ్లు, బైకు ఉంటే చాలు ఉద్యోగం. ట్రైనింగ్ అంటే రెండు రోజులు పాతవాడి వెనక తిరగడం. నేను లిఫ్టులో, పార్కింగులో తరచూ చూస్తుంటాను. ముక్కుకి జేబురుమాలు, చేతికి గ్లౌజులు లేవు, బ్యాగులో మంచినీళ్ల సీసాలో పాలలా తెల్లటి ద్రవం, మీద చీటీ లేదు. అదే బ్యాగులో అతను తాగే నీళ్ల సీసా కూడా ఉంటుంది. ఏం మందు బాబూ అంటే "బొద్దింకల మందు సార్" అంటాడు. పేరు చెప్పమంటే నవ్వుతాడు, పాపం అతనికి ఎవరూ చెప్పలేదు.

చట్టంలో ఇవన్నీ లేవనుకోకండి, శుభ్రంగా ఉన్నాయి. 1958లో కేరళ, మద్రాసు ప్రాంతాల్లో, ఓడలో వస్తూ పారాథియాన్ అనే పురుగుమందు ఒలికిన గోధుమ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం మీద వేసిన విచారణ కమిషన్ చెప్పాకే 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. ఆ నియమాల ప్రకారం కమర్షియల్‌గా పెస్ట్ కంట్రోల్ చేయాలంటే లైసెన్సు ఉండాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్, మిథైల్ బ్రోమైడ్ లాంటి గ్యాస్ మందులు వాడాలంటే వ్యవసాయ శాస్త్రంలోనో, కెమిస్ట్రీ ఉన్న సైన్సులోనో డిగ్రీ ఉండి, గుర్తింపు ఉన్న సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ పొంది ఉండాలి. ఆ సంస్థల్లో ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐపీహెచ్ఎం, అంటే జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ, అంటున్నారు. మందుతో పనిచేసేవాళ్లకు ఉద్యోగంలో చేరేముందు వైద్య పరీక్ష చేయించాలి, పెస్ట్ కంట్రోల్ మనుషులకైతే ఆ తర్వాత ఏటా ఒకసారి. ముఖానికి రక్షణ, చేతులకు గ్లౌజులు, విరుగుడు మందులు, శిక్షణ, అన్నిటికీ వేరువేరు నియమాలున్నాయి. ఆ ఏటా పరీక్ష జరిగిన కుర్రాణ్ని మీకు చూపించమంటే చాలా వెతకాలి.

ఎందుకు అమలు కావడం లేదు? నా ఉద్దేశం ఇది. మాకు లైసెన్సు ఇచ్చేదీ, మమ్మల్ని తనిఖీ చేయాల్సిందీ రాష్ట్ర వ్యవసాయ శాఖ. ఆ అధికారికి జూన్ వచ్చిందంటే విత్తనాల షాపులు, ఎరువుల స్టాకు, నకిలీ పత్తి విత్తనాల కేసులు, రైతుల గోడు. కొండాపూర్‌లో 12వ అంతస్తు ఫ్లాటులో సింకు కింద ఏం కొట్టారో చూడటానికి ఆయనకు టైమెక్కడిది, మనుషులెక్కడున్నారు? ఆయన్ని తప్పుపట్టలేను. ఈ చట్టం రాసినప్పుడు పురుగుమందు అంటే పొలం. ఇప్పుడు అదే మందు పడగ్గదుల్లోకి, స్కూళ్లలోకి, ఐసీయూ పక్క వరండాల్లోకి వచ్చింది, కానీ చూసే కన్ను పొలం దగ్గరే ఉండిపోయింది. కొత్త చట్టం కోసం 2008లో ఒక బిల్లు, 2020లో ఒక బిల్లు రాజ్యసభలో పెట్టారు, రెండూ చట్టం కాలేదు. ఆ లోపల 2022లో పురుగుమందులు లైసెన్సున్నవాళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చని నియమాలు మార్చారు, కాబట్టి సరుకు ఇంటి గుమ్మం దాకా ఇంకా సులువుగా వస్తోంది.

ఇంకొక మాట, పాంప్లెట్లలో, వాట్సాప్ ప్రకటనల్లో రాసే "100 శాతం సేఫ్, హెర్బల్, సైడ్ ఎఫెక్ట్స్ లేవు" గురించి. మందు సీసా మీద లేబుల్‌లో సేఫ్ అనీ, హాని లేనిదనీ, విషం కానిదనీ రాయకూడదని 1971 నియమాల్లోనే ఉంది, "చెప్పినట్టు వాడితే" అని తగిలించినా సరే రాయకూడదు. సీసా మీద తయారీదారు రాయలేని మాటని, ఆ సీసాలోది మీ ఇంట్లో కొట్టేవాడు పాంప్లెట్ మీద ఎలా రాస్తాడు? సీసా మీద చతురస్రం ఉంటుంది, అందులో రంగు త్రికోణం: ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. సీఐఆర్ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. చదువు రానివాళ్లు కూడా రంగు చూసి గుర్తుపట్టాలనే ఆ ఏర్పాటు. మంచినీళ్ల సీసాలోకి ఒంపేస్తే ఆ త్రికోణం ఎక్కడికి పోయింది? పైరిథ్రాయిడ్ మందులు చేపలకు చాలా ప్రమాదం, అక్వేరియం ఉంటే మూత వేసి గాలి పంపు ఆపాలి, పిల్లుల్ని తడి ఆరేదాకా ఆ గదిలోకి రానివ్వకూడదు. ఇది చెప్పకుండా కొట్టి, మర్నాడు తేలిన చేపల్ని చూసి పిల్లలు ఏడుస్తుంటే "నీళ్లు మార్చలేదేమో మేడమ్" అని చెప్పినవాళ్లు ఉన్నారు.

అసలు ఈ ఉత్తరం రాయించింది మాత్రం గ్యాస్ బిళ్లలు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో, ఇంట్లో ఎలుకల మందు పెట్టించుకున్న కుటుంబం రాత్రి ఏసీ వేసుకుని పడుకుంది. ఇద్దరు పసిపిల్లలు పోయారు, తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. మందు పెట్టింది బయటి నుంచి పిలిపించిన పెస్ట్ కంట్రోల్ వాళ్లే. ఆ వార్త చదివాక చాలా రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు, మా కుర్రాళ్లను కూర్చోబెట్టి మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ ఇంట్లో ఏ మందు పెట్టారన్నది పోలీసులు, డాక్టర్లు తేల్చే సంగతి, నేను ఇక్కడ చెప్పేది మన దగ్గర విచ్చలవిడిగా దొరికే అల్యూమినియం ఫాస్ఫైడ్ గురించి. 3 గ్రాముల బిళ్ల ఒక్కటి గాల్లో తేమ తగిలితే 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్‌కి విరుగుడు లేదు. డాక్టర్లు ఊపిరి, గుండె నిలబెట్టే ప్రయత్నం చేయగలరు, అంతే. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వస్తుంది కానీ, వాసన తెలియనంత మాత్రాన గ్యాస్ లేనట్టు కాదు. ఇది గోడౌన్లలో ధాన్యం బస్తాల మీద గాలి చొరబడని షీటు కప్పి, అంచులు ఇసుక సంచులతో నొక్కి, బోర్డు పెట్టి, మనుషులెవరూ లేకుండా చేయాల్సిన పని. ఇంట్లో నల్లులకి, ఎలుకలకి, బియ్యం డబ్బాలో పురుగుకి పెట్టేది కాదు. ఒక ఫ్లాటులో పెడితే డక్టులోంచి, గోడ పగుళ్లలోంచి పక్క ఫ్లాటుకి పోతుంది, అక్కడివాళ్లకు ఎందుకు వాంతులవుతున్నాయో కూడా తెలియదు, ఫుడ్ పాయిజన్ అనుకుంటారు.

దీన్ని మామూలు జనానికి అమ్మకూడదు, ప్రభుత్వ సంస్థలకు, అనుమతి ఉన్న ఆపరేటర్లకు మాత్రమే అని నిబంధన ఉంది. అయినా దొరుకుతోంది. ఏ పెస్ట్ కంట్రోల్ మనిషైనా మీ ఇంట్లో బిళ్లలు పెడతానంటే, ఎంత పెద్ద కంపెనీ యూనిఫాం వేసుకున్నా సరే, వద్దని చెప్పి పంపించేయండి. ఇప్పటికే పెట్టి ఉంటే తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి వచ్చేయండి, ఆ బిళ్ల మీద నీళ్లు పోయకండి, పక్క ఫ్లాట్ల వాళ్లకు చెప్పండి. ఎవరికైనా కడుపులో తిప్పినా, ఛాతీ బరువెక్కినా 108కి ఫోన్ చేసి, "ఇంట్లో మందు పెట్టారు" అనే మాట ముందు చెప్పండి. ఎలుకల పేస్టుల్లో ఉండే పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) ఇంకో రకం, అది మింగితే మొదటి రోజు పెద్దగా ఏమీ అనిపించదు, తర్వాత కాలేయం దెబ్బతింటుంది, కాబట్టి బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకూడదు. డాక్టరు మొదట అడిగేది "ఏ మందు" అని. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర లేకపోవడమే నా బాధంతా.

అందుకే నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పని అయ్యాక ప్రతి ఇంటికీ తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి. మందు అసలు పేరు, అంటే బ్రాండు పేరు పక్కన రసాయనం పేరు, శాతం, ఎన్ని నీళ్లలో ఎంత కలిపారు, ఏ గదిలో ఎక్కడ పెట్టారు, ఎన్ని గంటల తర్వాత లోపలికి రావచ్చు, లైసెన్సు నంబరు, పనిచేసిన మనిషి పేరు, సంతకం. కంపెనీలు సీసా మీద ప్రాంతీయ భాషలో కూడా రాయాలని నియమాల్లో ఎప్పుడో పెట్టారు, అలాంటప్పుడు సీసా చూడని కస్టమర్‌కి కనీసం చీటీ అయినా తెలుగులో రావద్దా? మా యూనిట్‌లో ఇది చేస్తున్నాం. కార్బన్ పెట్టిన బిల్లుబుక్కు లాంటిదే, రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మొదట్లో కుర్రాళ్లు విసుక్కున్నారు. తర్వాత ఏమైందంటే, రాయాలి కాబట్టి పేరు నేర్చుకున్నారు, పేరు నేర్చుకున్నాక సీసా మీద ఇంకేం రాసుందో చదవడం మొదలుపెట్టారు, గ్లౌజులు నేను చెప్పకుండానే అడుగుతున్నారు.

ఖర్చు పెరుగుతుంది కదా అంటారు కొందరు తోటి ఆపరేటర్లు. కాగితానికి ఖర్చేం లేదు, ఖర్చు పెరిగేది రాసినంత మందు నిజంగా వాడాల్సి వచ్చినప్పుడు. సరైన డోసు వేసి, రెండోసారి రావాల్సిన చోట వచ్చి, మనిషికి సరైన జీతం ఇస్తే ఆఫర్ ధరకు కుదరదు, అది దాచిపెట్టి ఏం లాభం? నిజాయితీగా పనిచేసే చిన్న యూనిట్లు ఇప్పుడు మూతపడుతున్నాయి, ఎందుకంటే నీళ్లు కొట్టేవాడి ధరతో వాళ్లు పోటీ పడలేరు. చీటీ తప్పనిసరైతే ఇద్దరికీ ఒకే తూకం. పెద్ద కంపెనీల్లో చాలా వరకు సర్వీస్ రిపోర్టు ఇస్తారు, నిజమే, కానీ ఫార్మా ఫ్యాక్టరీకి ఇచ్చే రిపోర్టులో ఉన్నన్ని వివరాలు రెండు గదుల ఇంటికి ఇచ్చే దాంట్లో ఉండవు, ఇచ్చినా ఇంగ్లీషులో మెయిల్ వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లకు, పనమ్మాయికి అది అందదు. వంటగదిలో రోజంతా ఉండేది వాళ్లే కదా.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లు తలుచుకుంటే ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. ఏఎంసీ, అంటే ఏడాది పొడుగు నిర్వహణ ఒప్పందం, మీద సంతకం పెట్టేటప్పుడు ధర ఒక్కటే చూస్తున్నారు. లైసెన్సు కాపీ, దాని గడువు తేదీ, చీటీ ఇస్తామన్న షరతు, ఇవి కూడా అడగండి. ఒక్కో ఫ్లాటు విడివిడిగా కాకుండా డక్టులు, చెత్త గది, సెల్లారు కలిపి ఒకే రోజు చేయించండి, అప్పుడే బొద్దింక ఫలితం కనిపిస్తుంది, మందు కూడా తక్కువ పడుతుంది. పైపు సందులు సిమెంటుతో మూయించడం, రాత్రి చెత్త బయట ఉంచకపోవడం, కారుతున్న కుళాయి బాగు చేయించడం, ఇవి చేస్తే మాకు సగం పని ఉండదు, అయినా చెబుతున్నాను. డెంగీ రోజుల్లో పొగ కొట్టించమని ఫోన్లు చేస్తారు, ఆ పొగ ఎగిరే దోమనే చంపుతుంది, పూల కుండీ కింద పళ్లెంలో ఉన్న తోకపురుగుల్ని ఏమీ చేయదు, వారానికోసారి ఆ నీళ్లు పారబోయడం పొగ కన్నా ఎక్కువ పని చేస్తుంది. మలేరియా దోమ గుట్టు 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, ఆ ఊళ్లో ఇంకా పొగ మీదే నమ్మకం పెట్టుకుని కూర్చుంటే ఎలా?

బుకింగ్ యాప్‌ల వాళ్లు మనిషి ఫొటో, రేటింగ్ చూపిస్తున్నారు, వాటి పక్కనే లైసెన్సు నంబరు చూపించమనండి. వ్యవసాయ శాఖ వాళ్లు పట్టణాల్లో ఈ పని చూడటానికి మునిసిపల్ హెల్త్ విభాగాన్ని కలుపుకోవచ్చు, హోటళ్లు తనిఖీ చేసే ఫుడ్ ఇన్‌స్పెక్టరు పెస్ట్ కంట్రోల్ రికార్డు అడుగుతున్నారు కాబట్టి అందులో మందు పేరు, లైసెన్సు నంబరు సరిగా ఉన్నాయా అని చూసినా చాలావరకు దారికొస్తుంది.

చివరగా మీకో విన్నపం. లైసెన్సున్న ఆపరేటర్ల జాబితా జిల్లా వ్యవసాయ శాఖ దగ్గర ఉంటుంది, జనంలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మీ విలేకరుల చేత అది తెప్పించి జిల్లా పేజీల్లో ఏటా తొలకరికి ముందు ఒకసారి వేయండి, గడువు తీరినవాళ్ల పేర్లు కూడా వేయండి. అందులో నా యూనిట్ పేరు ఎక్కడుందో మొదట వెతుక్కునేది నేనే.

ఇట్లు,
ఒక పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్,
హైదరాబాద్